ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలు ఎవరిని పిలుస్తున్నాయి: ట్రాన్స్‌వెల్ ప్రాజెక్టు డైరీ

ఏం తేల్చాలి

ఊపిరితిత్తుల కణితి ముక్కను రంగువేసి మైక్రోస్కోప్ కింద చూస్తే క్యాన్సర్ కణాల మధ్య న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు, టీ కణాలు అనే రోగనిరోధక కణాలు గుంపులుగా కనిపిస్తాయి. మాక్రోఫేజ్‌లలో కొన్ని ముందునుంచీ అక్కడే కాపురమున్నవి. మిగతావన్నీ రక్తంలోంచి దారి వెతుక్కుంటూ వచ్చినవే. ఆ దారి చూపించేవి ముఖ్యంగా కీమోకైన్లు. 8 నుంచి 12 కిలోడాల్టన్ల బరువుండే చిన్న ప్రొటీన్లివి. మనుషుల్లో 50 దాకా ఉన్నాయి, వాటిని పట్టుకునే, కణాల మీదుండే రిసెప్టర్లు (గ్రాహకాలు) మాత్రం 20 దాకానే. అంటే ఒక్కో రిసెప్టర్‌కి చాలామంది చుట్టాలు. ప్రాజెక్టులో చిక్కంతా ఇక్కడే ఉంది.

ఊపిరితిత్తుల క్యాన్సర్ లైన్ (ల్యాబ్‌లో తరతరాలుగా పెంచే కణాలు) ఏ549 పెరిగిన మీడియం, అంటే పోషక ద్రవం, మోనోసైట్లను, న్యూట్రోఫిల్స్‌ని లాగుతుందా? చూసేది ట్రాన్స్‌వెల్‌తో: చిల్లుల పొరకి పైన కణాలు, కింద ఆ ద్రవం. లాగితే కణాలు పొర దాటి కిందికి దిగుతాయి. లాగితే అందులో మోనోసైట్లను పిలిచే కీమోకైన్ సీసీఎల్2 వాటా ఎంత, న్యూట్రోఫిల్స్‌ని పిలిచే సీఎక్స్‌సీఎల్8 వాటా ఎంత? ఎలైసాలో (యాంటీబాడీతో ప్రొటీన్‌ని కొలిచే పరీక్ష) కీమోకైన్ కనబడింది, కణాలు కిందికి దిగాయి, కాబట్టి దింపింది అదే అని రాసేయడం చాలాచోట్ల జరుగుతోంది. ఆ రెండూ ఒకేచోట కనబడినంత మాత్రాన ఒకటి ఇంకోదానికి కారణం అయిపోదు. దాన్ని తీసేస్తే రాక ఎంత తగ్గిందో చూపించాలి. మా ప్లేట్లన్నీ ఆ లెక్క మీదే వేస్తున్నాం.

కణాలు

ఏ549ని 1972లో 58 ఏళ్ల మనిషి ఊపిరితిత్తుల కణితి నుంచి తీశారు. దీంట్లో కేఆర్ఏఎస్ జీన్‌లో జీ12ఎస్ మార్పు ఉంది, ఎస్‌టీకే11, కేఈఏపీ1 జీన్లు రెండూ చెడిపోయి ఉన్నాయి. కేఆర్ఏఎస్ ఎప్పుడూ ఆన్‌లో ఉండడం సీఎక్స్‌సీఎల్8 తయారీని ఎగదోస్తుంది. రోగుల్లో చూసినా ఎస్‌టీకే11 పోయిన కణితుల్లో టీ కణాలు తక్కువ, న్యూట్రోఫిల్స్ వైపు మొగ్గు ఎక్కువ. కాబట్టి ఏ549లో దొరికే జవాబు ఈ తరహా కణితులకే వర్తిస్తుంది. మన దేశపు రోగుల్లో ఈజీఎఫ్ఆర్ జీన్‌లో మ్యుటేషన్లు పాశ్చాత్య దేశాలకంటే ఎక్కువగా కనిపిస్తాయి గనక, ఆ జీన్‌లో ఎగ్జాన్ 19 డిలీషన్ (ఒక ముక్క పోవడం) ఉన్న పీసీ-9ని రెండో క్యాన్సర్ లైన్‌గా పెట్టుకున్నాం.

మోనోసైట్ల స్థానంలో టీహెచ్‌పీ-1. ఇది ల్యుకేమియా ఉన్న ఏడాది బాబు నుంచి వచ్చిన లైన్. ఆర్‌పీఎంఐ-1640 మీడియం, 10% ఎఫ్‌బీఎస్ (ఆవు పిండపు సీరం), 0.05 మిల్లీమోలార్ 2-మెర్‌క్యాప్టోఇథనాల్‌తో పెంచుతున్నాం. ఏ549, టీహెచ్‌పీ-1 రెండూ పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ దగ్గర దొరుకుతాయి.

టీహెచ్‌పీ-1 సాంద్రత మి.లీ.కి 2 లక్షల నుంచి 8 లక్షల మధ్యే ఉండాలి. 10 లక్షలు దాటనిస్తే కణాలు ముద్దకడతాయి, పైపొరమీద సీసీఎల్2ని పట్టే రిసెప్టర్ సీసీఆర్2 తగ్గుతుంది. ఆ తర్వాత ఎంత సీసీఎల్2 పోసినా కదలవు. ప్రయోగానికి ముందురోజు 4 లక్షలకు పలచన చేసి, ఫ్లో సైటోమీటర్‌లో (కణాలను ఒక్కొక్కటిగా కొలిచే యంత్రం) సీడీ192 (సీసీఆర్2కే ఇంకో పేరు) చూసి, పాజిటివ్ శాతం తగ్గిన బ్యాచ్‌ని పక్కన పెట్టేస్తున్నాం. కొందరు అలవాటుగా పీఎంఏ అనే రసాయనం వేసి మాక్రోఫేజ్‌లుగా మార్చి వాడతారు. ఈ ప్రశ్నకి అది పనికిరాదు. పీఎంఏ తగిలిన కణం ప్లాస్టిక్‌కి అతుక్కుపోతుంది, సీసీఆర్2ని దించేసుకుంటుంది.

మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా పట్టిందేమో చూసే పీసీఆర్ మూడు లైన్లకీ తప్పనిసరి. మైకోప్లాస్మా పట్టిన ఏ549 చూడ్డానికి మామూలుగానే పెరుగుతుంది, కానీ సీఎక్స్‌సీఎల్8ని దండిగా వదులుతుంది. పిలిచింది క్యాన్సరా, బ్యాక్టీరియానా అని తర్వాత తేల్చడం ఎవరివల్లా కాదు.

కండిషన్డ్ మీడియం

కణాలు పెరిగి తమ స్రావాలు వదిలిన ద్రవమే కండిషన్డ్ మీడియం. టీ75 ఫ్లాస్కులో 20 లక్షల ఏ549 వేసి, అడుగు 80% నిండేదాకా ఆగుతాం. పీబీఎస్ ఉప్పు ద్రావణంతో రెండుసార్లు మెల్లగా కడిగి, సీరం లేని, ఫినాల్ రెడ్ (ఆమ్లత చూపే రంగు) లేని ఆర్‌పీఎంఐ 10 మి.లీ. పోసి 24 గంటలు ఉంచుతాం. సీరం ఎందుకు వద్దంటే, ఎఫ్‌బీఎస్‌లోనే కాంప్లిమెంట్ అనే రోగనిరోధక ప్రొటీన్ల ముక్కలు, లైపిడ్‌లు ఉంటాయి. అవి కూడా మోనోసైట్లను కదిలిస్తాయి. ఫినాల్ రెడ్ చివర్లో ఫ్లోరెసెన్స్ రీడింగ్‌ని పాడుచేస్తుంది.

తీసిన ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ (భూమ్యాకర్షణకి 300 రెట్లు) మీద 10 నిమిషాలు, ఆ పైద్రవాన్ని 2000 జీ మీద ఇంకో 10 నిమిషాలు తిప్పి, 0.22 మైక్రాన్ల పీఈఎస్ ఫిల్టర్‌లోంచి పంపుతాం. నైలాన్ ఫిల్టర్ వద్దు, ప్రొటీన్‌ని పట్టేసుకుంటుంది. 500 మైక్రోలీటర్ల చొప్పున లో-బైండ్ ట్యూబుల్లో పోసి మైనస్ 80లో పెడతాం. ఒకసారి కరిగించిన ట్యూబ్ మళ్లీ ఫ్రీజర్‌లోకి వెళ్లదు.

అదే సమయంలో కణాల్లేని ఖాళీ ఫ్లాస్కులో అదే మీడియం పోసి, అదే ఇంక్యుబేటర్‌లో 24 గంటలు ఉంచాలి. అసలైన కంట్రోల్ అదే. సీసాలోంచి అప్పుడే తీసిన మీడియాన్ని కంట్రోల్‌గా పెడితే, ఆవిరవడం వల్ల వచ్చిన తేడా కూడా కీమోకైన్ ఖాతాలో పడుతుంది.

ఫ్లాస్కు కణాలను 0.25% ట్రిప్సిన్‌తో లేపి, ట్రిపాన్ బ్లూతో (చచ్చిన కణాలకే పట్టే రంగు) లెక్కపెట్టి, మి.లీ. మీడియానికి ఎన్ని కణాలు పనిచేశాయో ట్యూబు మీద రాస్తున్నాం. బతికున్న కణాలు 90% కంటే తగ్గితే ఆ బ్యాచ్ మొత్తం సింక్‌లోకే. చచ్చిన కణాలు ఏటీపీ, హెచ్ఎంజీబీ1, మైటోకాండ్రియాలోని ఫార్మిల్ పెప్టైడ్‌లు వదులుతాయి. ఫార్మిల్ పెప్టైడ్‌లకి న్యూట్రోఫిల్స్ పరిగెత్తుకొస్తాయి, కీమోకైన్ ఉన్నా లేకపోయినా.

ఏ549 గ్లూకోజ్ తిని లాక్టిక్ యాసిడ్ కక్కుతుంది. 24 గంటల్లో మీడియం పీహెచ్ దిగుతుంది. ఫినాల్ రెడ్ లేదు కాబట్టి రంగు చూసి పట్టుకోలేం. అందుకే 20 మిల్లీమోలార్ హీపీస్ బఫర్ కలిపి, వాడేముందు రెండు మీడియాల పీహెచ్‌ని 7.4కి సరిచేస్తున్నాం. 48 గంటలు ఉంచితే కీమోకైన్ పెరుగుతుంది నిజమే, కానీ ఆకలి, ఆమ్లం, చావులు కూడా పెరుగుతాయి. 24 గంటల దగ్గరే ఆపడం మేలు.

చిక్కబరచాల్సి వస్తే 3 కిలోడాల్టన్ల కటాఫ్ ఫిల్టర్ (అంతకంటే పెద్ద ప్రొటీన్లను పైన ఆపేది) తీసుకోవాలి. ల్యాబుల్లో ఎక్కువగా అందుబాటులో ఉండేది 10 కిలోడాల్టన్లది. సీఎక్స్‌సీఎల్8 బరువు 8.4, సీసీఎల్2 బరువు 8.7. రెండూ దాంట్లోంచి కిందికి జారిపోతాయి, పైన మిగిలినదాన్ని మనం జాగ్రత్తగా దాచుకుంటాం.

ఇన్సర్ట్‌లు, ప్లేటు

1962లో స్టీఫెన్ బాయ్‌డెన్ చేసిన చాంబరే ఇప్పటికీ దీనికి మూలం: పైన కణాలు, కింద రసాయనం, మధ్యలో చిల్లుల పొర. మేం వాడేది 24 వెల్స్ (గుంటలు) ఉన్న ప్లేటుకి సరిపడే 6.5 మి.మీ. పాలీకార్బొనేట్ ఇన్సర్ట్, అంటే అడుగున చిల్లుల పొర ఉన్న చిన్న గిన్నె. టీహెచ్‌పీ-1కి 5 మైక్రాన్ల చిల్లు, న్యూట్రోఫిల్స్‌కి 3 మైక్రాన్లది. 8 మైక్రాన్లది క్యాన్సర్ కణాల చొరబాటు (ఇన్వేజన్) చూడ్డం కోసం. టీహెచ్‌పీ-1ని అందులో పోస్తే పిలుపు లేకుండానే చాలా కణాలు రాలిపడతాయి.

ప్లేటులో 24 వెల్స్ ఉన్నా ఇన్సర్ట్‌లు 12 మాత్రమే వస్తాయి. మూడేసి చొప్పున వేస్తే ఒక ప్లేటులో నాలుగు కండిషన్లకే చోటు. డిజైన్ మొత్తం ఆ 12 చుట్టూ తిరగాల్సిందే. ప్రతి ప్లేటులోనూ ఖాళీ ఫ్లాస్కు మీడియం ఒకటి, మి.లీ.కి 50 నానోగ్రాముల రీకాంబినెంట్ (ల్యాబ్‌లో తయారైన) సీసీఎల్2 పాజిటివ్ కంట్రోల్‌గా ఒకటి ఉండి తీరాలి. పరీక్షకి మిగిలేవి రెండే. కంట్రోల్స్‌ని ఒక ప్లేటులో వేసి, పరీక్షల్ని ఇంకో ప్లేటులో వేసి పోల్చడం మాత్రం ఒప్పుకోం. వాడిన ఇన్సర్ట్ కడిగి మళ్లీ వాడదామా అనే చర్చ ధర చూసినప్పుడల్లా వస్తుంది. పొరలో ఇరుక్కున్న కణాలు, అతుక్కున్న కీమోకైన్ కడిగితే పోవు. వాడొద్దు.

కింది వెల్‌లో 600 మైక్రోలీటర్లు, పైన 100 మైక్రోలీటర్లలో 2 లక్షల కణాలు. కణాలను ముందుగా సీరం లేని ఆర్‌పీఎంఐలో 0.5% బీఎస్ఏ (ఆవు అల్బుమిన్ ప్రొటీన్)తో రెండు గంటలు ఆకలి పెడతాం. బీఎస్ఏ ఎండోటాక్సిన్ తక్కువున్న గ్రేడ్‌ది అవ్వాలి. మామూలు గ్రేడ్‌లో ఉండే ఎల్‌పీఎస్ అనే ఆ ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా గోడ పదార్థం) టీహెచ్‌పీ-1ని లేపి కూర్చోబెడుతుంది, అవే సొంతంగా కీమోకైన్లు వదలడం మొదలుపెడతాయి. బీఎస్ఏ అసలు వేయకపోతే ఇంకో తంటా: నానోగ్రాముల్లో ఉండే కీమోకైన్ ప్లాస్టిక్ గోడలకి అంటుకుపోతుంది.

అన్నీ 37 డిగ్రీలకి వచ్చాకే పోయాలి. చల్లటి మీడియం పోసి ఇంక్యుబేటర్‌లో పెడితే అందులో కరిగున్న గాలి బుడగలై పొర అడుగున చేరుతుంది. బుడగ ఉన్నంతమేర కణాలకి కింది ద్రవం తగలదు. ట్రిప్లికేట్లలో ఒకటి మాత్రమే బాగా తక్కువొస్తే మొదట అనుమానించాల్సింది బుడగనే. ఇన్సర్ట్‌ని కాస్త ఏటవాలుగా దించి, ప్లేటు ఎత్తి అడుగునుంచి చూసి, బుడగ కనిపిస్తే తీసి మళ్లీ దించాలి. కణాలు పోసింది మొదలు ప్లేటుని కుదపకూడదు. సెంట్రిఫ్యూజ్ ఉన్న బల్ల మీద ఉండే ఇంక్యుబేటర్ దీనికి పనికిరాదు.

టీహెచ్‌పీ-1కి సమయం నాలుగు గంటలు. తర్వాత ఇన్సర్ట్‌ని 5 మిల్లీమోలార్ ఈడీటీఏ (కణాల పట్టు విడిపించేది) కలిపిన చల్లటి పీబీఎస్ ఉన్న ఖాళీ వెల్‌లోకి మార్చి, ఫ్రిజ్‌లో 15 నిమిషాలు ఉంచి మెల్లగా తట్టాలి. పొర అడుగున వేలాడుతున్న కణాలు ఊడి పడతాయి. ఈ అడుగు వదిలేస్తే, పొర దాటినా కిందికి రాలని కణాలన్నీ లెక్కలోంచి పోతాయి. రెండు వెల్స్ ద్రవాన్నీ కలిపి తిప్పి, 2 మైక్రోమోలార్ కాల్సీన్-ఏఎం తో 30 నిమిషాలు రంగు పట్టించి, నల్ల 96 వెల్స్ ప్లేటులో 485/520 నానోమీటర్ల దగ్గర ఫ్లోరెసెన్స్ చదువుతున్నాం. ముందే రంగేసి వదలడం సులువే గానీ, నాలుగు గంటల్లో కాల్సీన్ కణాల్లోంచి కారి బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది. 2 లక్షల నుంచి సగం సగం చేస్తూ 6,250 దాకా స్టాండర్డ్ కర్వ్ అదే ప్లేటులో ఉంటుంది. పాజిటివ్ కంట్రోల్ ఖాళీ మీడియానికి కనీసం రెండింతలు రాకపోతే ఆ ప్లేటు ఫలితం నమోదు చేయం.

సీసీఎల్2 డోసు ఎక్కువైతే దిగే కణాలు తగ్గుతాయి. కర్వ్ గంట ఆకారంలో ఉంటుంది. మోతాదు మించితే రిసెప్టర్లు లోపలికి వెళ్లిపోతాయి, ఇక దిశ తెలియదు. అందుకే కండిషన్డ్ మీడియాన్ని 100%, 50%, 25% గా పలచన చేసి వేయాలి. 100% కంటే 50%లో ఎక్కువ కణాలు దిగితే పైపెటింగ్‌ని తప్పుపట్టక్కర్లేదు, కర్వ్ అవతలి వాలులో ఉన్నామని అర్థం.

చెకర్‌బోర్డ్

కణాలు దిగాయి. అవి పిలుపు వైపు నడిచాయా, లేక ఉత్సాహం పెరిగి ఎటుపడితే అటు తిరిగి కొన్ని చిల్లుల్లో పడ్డాయా? 1973లో జిగ్మండ్, హిర్ష్ చేసిన చెకర్‌బోర్డ్ దీనికే. కండిషన్డ్ మీడియం కింద మాత్రమే ఒకటి, పైన మాత్రమే ఒకటి, పైనా కిందా ఒకటి, ఎక్కడా లేకుండా ఒకటి. ఒక ప్లేటుకి సరిగ్గా సరిపోతుంది. పాజిటివ్ కంట్రోల్‌కి ఇందులో చోటుండదు గనక, అదే బ్యాచ్ కణాలతో ఇంకో ప్లేటులో పక్కనే నడపాలి. పైన చెప్పిన నియమానికి మినహాయింపు ఇదొక్కటే.

పోపు వాసన వంటింట్లోంచి వస్తుంటే కళ్లు మూసుకుని కూడా వంటింటికి వెళ్లొచ్చు, ఇల్లంతా ఒకేలా ఘుమఘుమలాడుతుంటే ఎటు వెళ్లాలో తెలియదు. పైనా కిందా ఒకే గాఢత ఉన్న వెల్ అలాంటిది. అక్కడ కూడా కణాలు చాలా దిగితే అది కీమోకైనసిస్, ఊరికే పెరిగిన చలనం. ఏ549 మీడియంతో రెండూ కలిసే వస్తాయి. కాబట్టి ‘కింద మాత్రమే’ నుంచి ‘పైనా కిందా’ తీసేస్తే మిగిలేదే దిశ తెలిసిన నడక. ఫలితాల పట్టికలో ఆ తేడానే రాస్తున్నాం.

రాత్రంతా వదిలేసిన ప్లేట్లు నమ్మదగినవి కావు. పొర మందం 10 మైక్రాన్లే. అన్ని గంటల్లో కీమోకైన్ పైకి పాకి గ్రేడియంట్ (పైకీ కిందికీ గాఢతలో తేడా) చాలావరకు కరిగిపోతుంది. ఆ తర్వాత దిగేవన్నీ తోచినట్టు తిరిగేవే.

తీసేసి చూడడం

మొదటి మెట్టు పర్టుసిస్ టాక్సిన్ (కోరింతదగ్గు బ్యాక్టీరియా విషం). మి.లీ.కి 100 నానోగ్రాములు, రెండు గంటలు కణాలకి పట్టించి కడిగేయాలి. కీమోకైన్ రిసెప్టర్లు కణం లోపలి జీఐ ప్రొటీన్ ద్వారా పనిచేస్తాయి, ఈ టాక్సిన్ దాన్ని మూసేస్తుంది. దీనితో రాక ఆగకపోతే కీమోకైన్ల కథ చెప్పాల్సిన పనే లేదు.

రెండో మెట్టు, కీమోకైన్‌ని పట్టేసే యాంటీబాడీ. మి.లీ.కి 10 మైక్రోగ్రాముల యాంటీ-సీసీఎల్2ని కండిషన్డ్ మీడియంలో కలిపి 30 నిమిషాలు ఆగి వెల్‌లో పోయాలి. పక్క వెల్‌లో అదే మోతాదు ఐసోటైప్ కంట్రోల్ (సీసీఎల్2ని పట్టని అదే రకం యాంటీబాడీ). సోడియం అజైడ్ ఉన్న యాంటీబాడీ వాడకూడదు. అజైడ్ కణాల ఊపిరి తీస్తుంది, అందరూ దాన్ని బ్లాకింగ్ అనుకుంటారు.

మూడో మెట్టు, రిసెప్టర్‌నే మూయడం. సీసీఆర్2కి ఆర్ఎస్504393 అనే బ్లాకర్, 1 మైక్రోమోలార్. దాన్ని కరిగించే డీఎంఎస్‌ఓ 0.1% మించకుండా, కంట్రోల్‌లోనూ అంతే.

రెండో, మూడో మెట్ల మధ్య తేడాలోనే అసలు సమాచారం ఉంటుంది. సీసీఆర్2ని పట్టుకునేది సీసీఎల్2 ఒక్కటే కాదు. సీసీఎల్7, సీసీఎల్8, సీసీఎల్13 కూడా. యాంటీబాడీతో సగం తగ్గి, రిసెప్టర్ బ్లాకర్‌తో ఇంకా తగ్గితే, మిగతా చుట్టాలు పనిచేస్తున్నట్టు. బ్లాకర్ వేసినా కొంత మిగిలిందంటే సీసీఆర్1, సీసీఆర్5 వంటి ఇంకో దారి ఉంది. మా ప్లేట్లలో ఇప్పటిదాకా వరస ఇలాగే ఉంది: యాంటీబాడీ కొంత ఆపుతోంది, బ్లాకర్ ఇంకాస్త ఆపుతోంది, టాక్సిన్ దాదాపు అంతా ఆపుతోంది. మూడూ ఒకే బ్యాచ్ మీడియం మీద చేస్తేనే ఈ పోలికకి అర్థం ఉంటుంది.

వైద్యంలో ఇదే చిక్కు ఇంకో రూపంలో ఎదురైంది. సీసీఎల్2ని పట్టే కార్లూమాబ్ అనే యాంటీబాడీ రోగులకి ఇచ్చి చూశారు. స్వేచ్ఛగా ఉన్న సీసీఎల్2 కొద్దికాలం తగ్గి, మళ్లీ మొదటికంటే పైకి లేచింది. ప్రొస్టేట్ క్యాన్సర్‌లో మందుగా నిలబడలేదని 2013లో ప్రచురించారు. 10 మి.లీ. ఫ్లాస్కులో యాంటీబాడీ గెలవడం సులువు, కీమోకైన్‌ని ఆగకుండా తయారుచేసే శరీరంలో కాదు.

న్యూట్రోఫిల్స్

వీటికి అచ్చమైన లైన్ లేదు, అప్పటికప్పుడు రక్తంలోంచి తీయాల్సిందే. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఎథిక్స్ కమిటీ అనుమతి, దాత సంతకం ముందు, సిరంజి తర్వాత. ఈడీటీఏ ట్యూబులు వాడుతున్నాం. హెపారిన్ వద్దు, కీమోకైన్లు దానికి గట్టిగా అతుక్కుంటాయి.

10 మి.లీ. రక్తానికి అంతే 3% డెక్స్‌ట్రాన్ కలిపి అరగంట నిలబెడితే ఎర్ర కణాలు అడుక్కి చేరతాయి. పైద్రవాన్ని తిప్పి, ముద్దను సెలైన్‌లో కలిపి, 1.077 సాంద్రత ఫైకాల్ ద్రవం మీద మెల్లగా పరిచి, 400 జీ మీద 30 నిమిషాలు, బ్రేక్ లేకుండా, 20 డిగ్రీల దగ్గర తిప్పాలి. ఎండాకాలంలో ల్యాబ్ 30 దాటుతుంది. ఫైకాల్ సీసా, రోటర్ రెండూ ముందే చల్లబడి ఉండాలి, లేకపోతే పొరలు సరిగ్గా విడిపోవు. మధ్య పొర తీసేస్తే అడుగు ముద్దలో న్యూట్రోఫిల్స్, మిగిలిన ఎర్ర కణాలు. ఆ ఎర్ర కణాలను పగలగొట్టడానికి (లైసిస్) 0.2% ఉప్పునీళ్లు 30 సెకన్లు, వెంటనే అంతే 1.6% ఉప్పునీళ్లు. సెకన్లు లెక్కపెట్టేవాళ్లు ఒకరు, పోసేవాళ్లు ఒకరు ఉంటే మంచిది.

ఎర్ర కణాలు కొన్ని మిగిలితే ఏముందిలే అనిపిస్తుంది. వాటి మీద ఏసీకేఆర్1 అనే రిసెప్టర్ ఉంటుంది. సంకేతం పంపదు గానీ సీఎక్స్‌సీఎల్8ని, సీసీఎల్2ని పీల్చేసుకుంటుంది. ముద్ద ఎర్రగా ఉంటే రెండోసారి లైసిస్ చేయాలి.

వోర్టెక్స్ చేయకూడదు, గాజు తగలకూడదు, గట్టిగా తిప్పకూడదు. కదిలిస్తేనే ఇవి రెచ్చిపోయి పైపొరమీది సీడీ62ఎల్ ప్రొటీన్‌ని రాల్చేస్తాయి. ప్లేటు వేసేముందు ఫ్లోలో సీడీ66బీ తో శుద్ధత, సీడీ62ఎల్ తో ప్రశాంతత చూస్తున్నాం. కడగడమంతా కాల్షియం, మెగ్నీషియం లేని హెచ్‌బీఎస్ఎస్ ఉప్పు ద్రావణంలో, ఆఖరి ప్రయోగం మాత్రం రెండూ ఉన్నదాంట్లో. సమయం గంట చాలు. పాజిటివ్ కంట్రోల్ సీఎక్స్‌సీఎల్8, మి.లీ.కి 50 నానోగ్రాములు, అంటే సుమారు 6 నానోమోలార్. సూది గుచ్చిన దగ్గర్నుంచి నాలుగైదు గంటల్లో ప్లేటు అయిపోవాలి.

సీఎక్స్‌సీఎల్8 రిసెప్టర్లలో ఒకటైన సీఎక్స్‌సీఆర్2ని మూయడానికి ఎస్‌బీ225002 అనే బ్లాకర్, 400 నానోమోలార్ మించకుండా. మైక్రోమోలార్లలోకి వెళ్తే అది కణం చట్రంలోని ట్యూబ్యులిన్‌ని కూడా చెడగొడుతుంది, అప్పుడు కణం నడవకపోవడానికి కారణం వేరు. యాంటీ-సీఎక్స్‌సీఎల్8తో దీన్ని పోల్చేటప్పుడు ఒకటి గుర్తుంచుకోవాలి. సీఎక్స్‌సీఎల్8 సీఎక్స్‌సీఆర్1, 2 రెండింటి మీదా వాలుతుంది. సీఎక్స్‌సీఎల్1, 2, 3, 5 ప్రధానంగా సీఎక్స్‌సీఆర్2 మీదే. సీఎక్స్‌సీఆర్2 మూసినా రాక నిలిచిందంటే సీఎక్స్‌సీఆర్1 దారిన సీఎక్స్‌సీఎల్8 ఇంకా పిలుస్తోందేమో చూడాలి.

ఎలుకల్లో ఎప్పుడు చేస్తారని అడిగేవాళ్లకి: ఎలుకకి సీఎక్స్‌సీఎల్8 జీన్ లేదు. 1951లో మార్గరెట్ లూయిస్ కనుగొన్న లూయిస్ లంగ్ కార్సినోమా కణాలతో చేస్తే అక్కడ పిలిచేది సీఎక్స్‌సీఎల్1, 2, 5. మనిషి సీఎక్స్‌సీఎల్8 యాంటీబాడీని మామూలు ఎలుకకి ఇచ్చి ఏమీ జరగలేదని రాయడంలో అర్థం లేదు.

తర్వాతి ప్లేట్లు: టీ కణాలు

టీ కణాలకి పిలుపు సీఎక్స్‌సీఎల్9, 10, 11, అందుకునేది సీఎక్స్‌సీఆర్3. ఏ549 తనంతట తాను వీటిని పెద్దగా వదలదు, ఇంటర్‌ఫెరాన్-గామా అనే రోగనిరోధక సంకేత ప్రొటీన్ తగలాలి. మి.లీ.కి 20 నానోగ్రాముల ఇంటర్‌ఫెరాన్-గామా, 10 నానోగ్రాముల టీఎన్ఎఫ్ (అలాంటిదే ఇంకో ప్రొటీన్) ఆరు గంటలు పెట్టి, మూడుసార్లు కడిగి, కొత్త మీడియం పోసి 24 గంటలకి తీయాలని ప్లాన్. టీ కణాలు కూడా సీడీ3/సీడీ28 యాంటీబాడీలతో లేపి, వాటిని పెంచే ఐఎల్-2 ప్రొటీన్‌లో కొన్ని రోజులు పెంచినవై ఉండాలి, విశ్రాంతిలో ఉన్నవాటి మీద సీఎక్స్‌సీఆర్3 తక్కువ.

ఇక్కడ ఎలైసా ఇంకా పెద్ద మోసం చేయగలదు. డీపీపీ4 అనే ఎంజైమ్ సీఎక్స్‌సీఎల్10 మొదటి రెండు అమైనో ఆమ్లాలను కత్తిరిస్తుంది. తోక తెగినది రిసెప్టర్ మీద కూర్చుంటుంది గానీ కణాన్ని నడిపించదు, పైగా మంచిదానికి అడ్డుపడుతుంది. మామూలు ఎలైసా రెండింటినీ ఒకే అంకెగా చూపిస్తుంది. లేచిన టీ కణాల పైపొరమీదే డీపీపీ4 ఉంటుంది, దాని ఇంకో పేరు సీడీ26. అందుకే డీపీపీ4ని ఆపే, మధుమేహానికి వేసుకునే సిటాగ్లిప్టిన్ కలిపిన వెల్, కలపని వెల్ పక్కపక్కనే పెడుతున్నాం.

ఎంత కడిగినా వేసిన ఇంటర్‌ఫెరాన్, టీఎన్ఎఫ్ కొంత మిగలొచ్చు. కణాల్లేని ఫ్లాస్కులో కూడా అవే మోతాదులు వేసి, అలాగే మూడుసార్లు కడిగి, అదే మీడియం 24 గంటలు ఉంచి తీసినది ఈ ప్లేట్లకి ఖాళీ కంట్రోల్. ఆ ఫ్లాస్కు సిద్ధమయ్యాకే టీ కణాలను లేపడం మొదలుపెడతాం.